శక్తికి ముందు బాధ్యత



2024 జనవరి 12వ తేదీన, సంక్రాంతి దినములలో, "హను-మాన్" అను తెలుగు సినిమా విడుదలయినది. ప్రశాంత్ వర్మ దాని దర్శకుడు, తేజ సజ్జా కథానాయకుడు. మన యౌవనస్థులు కొందరు నెల్లూరు వెళ్లి చూచి వచ్చి, ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట నన్ను చుట్టుకొని, "అయ్యగారూ, మాకూ అట్లాంటి బలముంటే ఊరికెంత మేలు చేస్తామో!" అనిరి. తరువాత నేనును దానిని చూచితిని. ఆ కథ మన పొరుగువారి పురాణము నాధారము చేసికొన్నది. వారి భక్తిని చులకన చేయక, అందులోని యొక ప్రశ్నను మాత్రము మీ యెదుట పెట్టుచున్నాను. బాధ్యత శక్తి వచ్చిన తరువాత పుట్టునా? లేక ముందే యుండవలెనా?

అంజనాద్రి అను కల్పిత గ్రామములో హనుమంతు అను కుర్రవాడు గలడు. చిల్లర దొంగతనములు చేయుచు తిరుగువాడు. అక్క అంజమ్మయే వానికి దిక్కు. నీటిలో దొరికిన యొక మణివలన వానికి గొప్ప బలము కలుగును. అదియు సూర్యకాంతి యున్నంతసేపే. చీకటి పడినచో వాడును అందరివంటివాడే. ఈ కథలోనే మైఖేలు అను మరియొకడు గలడు. వాడు సూపర్ హీరో కావలెనను పిచ్చితో బాల్యముననే కన్న తల్లిదండ్రులను చంపినవాడు.

వీరిద్దరికిని భేదమెక్కడ? సినిమాను నిదానించి చూడుడి. దొంగల చేత చిక్కిన మీనాక్షిని కాపాడబోయి, గాయపడి, హనుమంతు నీట పడెను. మణి దొరికినది ఆ తరువాతనే. బలము లేనినాడే వాడు ఇంకొకరి కొరకు అడుగు ముందుకు వేసెను. మైఖేలు బలమునే కోరెను గాని, అది ఎవరి కొరకని తన్ను తాను ఎన్నడును అడుగుకొనలేదు. దావీదును గొల్యాతు నెదుర్కొనక మునుపు, ఎవరును చూడని చోట తండ్రి గొఱ్ఱెలను సింహము బారినుండి విడిపించినవాడే గదా.

ఇక నా యింట జరిగిన సంగతి యొకటి, నా కుమారుని సమ్మతితో, దాచక చెప్పుచున్నాను. వానికి పదునారేండ్లప్పుడు, పల్లెలలో ప్రార్థనలకు నన్ను తీసికొనిపోవుటకు సులువుగా నుండునని, మోటారుసైకిలు తాళము వాని చేతి కిచ్చితిని. వానికి లైసెన్సు లేదు. పిల్లవాడు బండి నడిపి నేరము చేసినచో పెద్దవానికి మూడేండ్లవరకు జైలును, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చునని 2019లో చట్టము సవరింపబడినది. అది యెరిగియు ఇచ్చితిని. ఒక సాయంకాలము వాడు ఒంటరిగా పోవుచు, సముద్రపు దారి మలుపులో, చేపల గంప నెత్తిన పెట్టుకొని వచ్చుచున్న అవ్వను గుద్దెను. ఆమె కాలి యెముక విరిగినది.

నేను పరుగెత్తి పోవుచుండగా ఒక తలంపు వచ్చెను: "బండి నేనే నడిపితినని చెప్పుదును, బిడ్డ బ్రదుకు నిలుచును." అది నాకు ప్రేమవలె, త్యాగమువలె కూడ తోచినది. నేను నోరు తెరువక మునుపే నా కుమారుడు అవ్వ ప్రక్కన నేలమీద కూర్చుండి, ఆమె కొడుకుతో, "నేనే నడిపినాను అన్నా. నాయన బండిమీద లేడు" అనెను. నేను తల వంచుకొంటిని.

గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు, ఒకరి భారములో ఒకరు పాలుపొందవలెనని బోధించి, కొద్ది మాటలకే, ఎవరి బరువు వారే మోయవలెననియు బోధించుచున్నాడు. ఈ రెండును ఎట్లు పొసగునో చాలాకాలము నాకు బోధపడలేదు. ఆ దినమున కొంత బోధపడినది. నా బిడ్డ దుఃఖములో నేను పాలుపొందవచ్చును. వాని జవాబును మాత్రము నేను చెప్పరాదు. చెప్పియుంటే అవ్వకు అబద్ధమాడియుందును, వానిని ఎన్నటికిని ఎదుగనీయక యుందును. తాళమిచ్చిన తప్పు నాది. దానిని నేను ఒప్పుకొని, చట్టప్రకారము రావలసినది అనుభవించి, వైద్యపు ఖర్చు భరించితిని.

కట్టు విప్పువరకు వాడు ఉదయము, సాయంకాలము ఆ యింటికి నీళ్లు మోసెను. చప్పట్లు కొట్టినవారెవరును లేరు. "బిందె నిండా తేలేవేందిరా?" అని అవ్వ కసరుకొనెడిది. ఆమె నేటికిని కుంటుచునే నడుచుచున్నది. మేము చేసినదేదియు ఆ కాలును మునుపటివలె చేయలేదు.

యౌవనస్థులారా, మీకు మణి దొరకదు. బండి తాళము, ఫోను, పడవ ఇంజను, పదునెనిమిదేండ్లకు ఓటు, ఇవి దొరకును. వాటికొరకు చేయి చాచక మునుపు, నేడు మీ యింట మీరు మోయుచున్న బిందె ఏదో చూచుకొనుడి. తల్లిదండ్రులారా, మీరును తాళమిచ్చుటకు ముందు ఆ సంగతినే చూడుడి. నేను చూడకయే ఇచ్చితిని.