ఖాతాకెక్కని ప్రాణులు

చాతుర్మాస్యం వచ్చిందంటే సాధువులు విహారం మానుకొని ఒకచోట నిలుస్తారు. దీనికి కారణం పిల్లలకు కూడ తెలుసు. వానలు పడితే నేల మెత్తబడుతుంది, అడుగు తీసి అడుగు వేసేచోటల్లా ప్రాణులు పుట్టుకొస్తాయి, వాటిని త్రొక్కరాదు. మునులు పింఛితోనో రజోహరణంతోనో తావు తుడిచి కూర్చుంటారు. శ్రావకులు నీరు వడగట్టి త్రాగుతారు, ప్రొద్దుగూకక మునుపే భోజనం ముగిస్తారు. తరతరాలుగా వస్తున్న ఆచారమే ఇది. అయితే తుడిచిన ఆ తావులో ఉన్న ప్రాణి ఏది, దాని పేరేమి, దానికి కన్నులున్నవా లేవా అని అడిగితే జవాబు చెప్పగలవారు బహు స్వల్పం. చీమ తెలుసు, చెదపురుగు తెలుసు, వానపాము తెలుసు. ఆపైన మిగిలినవన్నీ "పురుగూ పుట్రా" అన్న ఒక్క పద్దు క్రిందనే పడిపోతాయి.

అంగడిలో ఇలా సాగదు. చిల్లర ఖర్చుల పద్దు నెలనెలా పెరిగిపోతూంటే పెద్దలు గుమాస్తాను పిలిచి, "ఇందులో ఏమేమి ఉన్నవి, విడదీసి వ్రాయవయ్యా" అంటారు. జీవదయ విషయంలో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. విడదీసి వ్రాసే పని చేసినవారు వేరే ఉన్నారు. వారిలో ఎక్కువమంది జైనులు కారు, మాంసాహారులు కూడ. అయినా వారి పని తెలుసుకోదగినది.

తడి మన్నును గుప్పెడు తీసి తెల్లకాగితం మీద పోసి ఓపికగా చూస్తే, ఆవగింజకన్న చిన్నవైన నలుసులు కదలుతాయి. వ్రేలు దగ్గరకు పోతే కొన్ని చటుక్కున ఎగిరి మాయమవుతాయి. ఇంగ్లీషువారు వీటిని స్ప్రింగ్‌టెయిల్ అంటారు. తెలుగులో వీటికి వాడుకలో ప్రత్యేకమైన పేరు లేదు. పేరు లేకపోవడమే వీటి సంగతిలో సగం చెబుతుంది. ఆరు కాళ్ళు, రెక్కలు లేవు. కడుపు క్రింద చీలిన తోకవంటి అవయవం ముందుకు మడిచి ఒక కొక్కేనికి తగిలించి ఉంటుంది. కొక్కెం వదలగానే ఆ తోక నేలను కొట్టి ప్రాణిని గాలిలోకి విసురుతుంది. వీటి ఆహారం కుళ్ళిన ఆకులు, బూజు. మనిషిని కుట్టవు. మంచి నేలలో ఒక చదరపు మీటరు మేర తవ్వి చూస్తే ఇవి వేలసంఖ్యలో, ఒక్కొక్కచోట పదివేలకు మించి ఉంటాయి. ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన జాతులు సుమారు 9,000. పేరు పడవలసినవి ఇంకా అనేకం ఉన్నవనేది ఈ విద్యలో ఉన్నవారందరి మాట.

ఈ ప్రాణులను శ్రద్ధగా పరిశీలించి తొలినాటి పెద్ద గ్రంథం వ్రాసినవాడు వృత్తిచేత బ్యాంకరు. ఈ సంగతి వర్తకులకు ముచ్చటగా ఉంటుంది. ఆయన పేరు సర్ జాన్ లబ్బక్ (1834–1913). తండ్రిగారి లండను బ్యాంకులో చిన్నతనంలోనే పనిలో ప్రవేశించాడు. పార్లమెంటు సభ్యుడై 1871లో బ్యాంకు సెలవుల చట్టం తెచ్చినవాడు ఆయనే. ఆ సెలవు పూట ఇంగ్లండు గుమాస్తాలు ఆయనను తలచుకునేవారట. పగలు హుండీలు, వడ్డీలు చూసుకొని, మిగిలిన వేళలో భూతద్దం క్రింద ఈ నలుసులను పెట్టుకొని చూశాడు. 1873లో ఆయన గ్రంథం అచ్చయింది. వీటి జాతికంతకూ ఆయన పెట్టిన పేరు కొలెంబొలా. కడుపు క్రింద ఉన్న చిన్న గొట్టాన్ని చూసి, అది జిగురులా పట్టుకుంటుందనుకొని గ్రీకుభాషనుంచి తీసిన పేరు. ఆ గొట్టం ముఖ్యంగా తేమ పీల్చడానికని తరువాతివారు కనుగొన్నారు. పేరు మాత్రం అలాగే నిలిచింది.

కొత్త జాతిని లెక్కకెక్కించడం తేలిక కాదు. క్రొత్తదనిపించిన ప్రాణిని సూక్ష్మదర్శిని క్రింద ఉంచి, ఒంటిమీది వెంట్రుకలను ఒక్కొక్కటిగా లెక్కించి, ఏ కణుపు మీద ఎన్ని, ఏ వరుసలో ఉన్నవో బొమ్మ గీస్తారు. మీసాల కణుపులు, కాలిగోరు మీది పన్ను, కన్నులుంటే వాటి సంఖ్య, తోక ఉంటే దాని కొలత, ఇవన్నీ ఆ వ్రాతలో ఉండాలి. పిదప, ఇదివరకు పేరుపడిన బంధువర్గంతో సరిపోల్చి, ఎక్కడ తేడా ఉన్నదో చూపాలి. వెయ్యి రూపాయల తేడా కోసం రాత్రంతా దీపం పెట్టుకొని చిట్టా తిరగవేసిన ముసలి గుమాస్తాలకు ఈ ఓపిక అర్థమవుతుంది. చివరకు ఒక్క ప్రాణిని మూలనమూనాగా నిర్ణయించి, చీటీ అంటించి మ్యూజియంలో భద్రపరుస్తారు. రేపు ఎవరికి సందేహం వచ్చినా ఆ ఒక్కదానినే తీసి చూస్తారు.

వర్ణించడం ఇంత. పట్టుకోవడం ఎలాగో కూడ చెప్పాలి. ధర్మం మాట్లాడేవారు అది దాటవేయరాదు. ఇటలీ దేశస్థుడైన బెర్లీసే 1905లో ఒక గరాటు పద్ధతి కనిపెట్టాడు. తరువాత స్వీడను దేశస్థుడు తుల్గ్రెన్ దానికి దీపం చేర్చాడు. గరాటులో జల్లెడ, జల్లెడ మీద మన్ను, పైన దీపం. వేడికి మన్ను పైనుంచి ఎండుతూ వస్తుంది. తేమ లేనిదే బ్రతకలేని ప్రాణులు చీకటిని, చల్లదనాన్ని వెదుకుకుంటూ క్రిందికి దిగుతాయి. గరాటు చివర వాటికోసం సారాయి పాత్ర ఉంటుంది. ప్రాణం దక్కించుకోవడానికి పరుగెత్తిన దారిలోనే అవి చనిపోతాయి. అలా పోయినవాటిలోనుంచే కొత్త జాతి పేరుకు మూలనమూనా వస్తుంది.

ఇక ఒక నిజమైన ఉదాహరణ. నల్లసముద్రానికి దగ్గరలో, కాకసస్ పర్వతాల పశ్చిమభాగాన, అబ్ఖాజియాలో క్రూబెరా అనే గుహ ఉన్నది. అప్పటికి ప్రపంచంలో తెలిసిన గుహలన్నిటిలోకీ లోతైనది అదే. రెండువేల మీటర్లకు మించిన లోతు. 2010 వేసవిలో గుహలు దిగే సాహసికులతోపాటు స్పెయిను, పోర్చుగల్ దేశాల పరిశోధకులు అందులో దిగారు. అక్కడ దొరికిన స్ప్రింగ్‌టెయిళ్ళను నవార్రా విశ్వవిద్యాలయానికి చెందిన హోర్దానా, బకేరో అనే పండితులు, గుహలో దిగిన రెబొలైరా, సెంద్రా అనేవారితో కలిసి 2012లో వర్ణించారు. నాలుగు కొత్త జాతులు! వాటిలో ప్లుటోమ్యూరస్ ఆర్టోబలాగనెన్సిస్ అనేది భూమి ఉపరితలానికి 1,980 మీటర్ల దిగువన దొరికింది. అంత లోతున నేలజీవి దొరకడం అంతకుముందు ఎన్నడూ లేదు. పేరు నోరు తిరగనిదే గాని, అర్థం సామాన్యం: ఆ గుహ ద్వారం ఉన్న లోయ పేరు ఆర్టోబలాగన్.

అక్కడ ఎండ లేదు, ఆకు లేదు. పైనుంచి నీటితోపాటు దిగివచ్చే కుళ్ళు, దానిమీద పట్టే బూజు, అదే ఆహారం. ఆ నాలుగు జాతులకూ కన్నులు లేవు. వాటిలో ఒకదానికి వాసన పట్టే అవయవం ఎంతో పెద్దదిగా పెరిగి ఉన్నదని వర్ణించినవారే వ్రాశారు, దాని పేరులోనే వాసన అనే మాట చేర్చారు.

ఈ సంగతి చదివిన శ్రావకునికి ఇంద్రియాల లెక్క గుర్తుకు రాక మానదు. స్పర్శ ఒక్కటే గలవి పృథ్వి, జలం, వనస్పతి మొదలైన స్థావరాలు. పురుగుకు దానిపైన రుచి, చీమకు వాసన, తుమ్మెదకు చూపు, మనిషికి వినికిడి, ఇలా ఒక్కొక్కటి పెరుగుతుందని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రంలో క్రమం చెప్పారు. స్ప్రింగ్‌టెయిళ్ళలో నేలమీద, ఆకుల నడుమ తిరిగేవాటికి తలకు ఇరువైపుల ఎనిమిదేసి వరకు చిన్న కన్నులుంటాయి. మన్ను లోపలి పొరలలో ఉండేవి తెల్లగా, కన్నులు లేకుండా, ఎగిరే తోక కూడ చిన్నదై లేదా లేకుండా ఉంటాయి. అంటే ఒకే కుటుంబంలో పైఅంతస్తువారు చతురింద్రియులు, క్రిందిఅంతస్తువారు త్రీంద్రియులు అనవలసి వస్తుంది. శాస్త్రం తెలిసిన పండితులు దీనిని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. పురాతనులు సూక్ష్మదర్శిని లేకుండానే కన్ను ఉన్న ప్రాణినీ వాసనతో బ్రతికే ప్రాణినీ వేరువేరు పద్దులుగా వ్రాసినమాట మాత్రం కాదనలేనిది.

అయితే అసలు చిక్కు ఇక్కడ లేదు. కాలేజీలో చదివే మనుమడు తాతను అడుగుతాడు: "తాతగారూ, చీమను త్రొక్కవద్దన్నారు గదా! ఆ గరాటు పెట్టినవాళ్ళకు పాపం లేదా? పాపమైతే వాళ్ళు వ్రాసింది మనం ఎలా చదవటం?" ఈ ప్రశ్నను నవ్వి తోసివేయడం సులభం. గృహస్థునికి హింస నాలుగు విధాలని పెద్దలు విభజించారు. కావాలని చేసేది సంకల్పీ, ఇంటి పనులలో జరిగేది ఆరంభీ, వృత్తిలో జరిగేది ఉద్యోగీ, ఆత్మరక్షణలో జరిగేది విరోధీ. మొదటిదానిని పూర్తిగా విడువవలసిందే. మిగిలినవాటిని హద్దులో ఉంచుకోవాలి. గరాటు పెట్టిన పండితుడు తెలిసే చేశాడు. దానిని వృత్తి అనే మాటతో కప్పితే లెక్క తప్పుతుంది. అలాగని అతడు పండుగకో పందెానికో చంపలేదు. మంచి పరిశోధకులు కావలసినన్నిటికన్న ఎక్కువ పట్టరు; మ్యూజియం సీసాలలో ఏండ్ల తరబడి పడియున్న పాత నమూనాలనుంచే కొత్త జాతులు బయటపడడం కూడ కద్దు. ఇది క్షమాపణ కాదు, ఖర్చువైపు ఎంత తగ్గుతుందో చెప్పడమే.

మరి శ్రావకుని ఖాతా? ఆనందశ్రావకుని కథ అందరికీ తెలిసినదే. వాణిజ్యగ్రామంలో ఆయనకు నాలుగు కోట్ల బంగారు నాణెములు నిధిలో, నాలుగు కోట్లు వడ్డీ వ్యాపారంలో, నాలుగు కోట్లు ఆస్తిపాస్తులలో ఉండేవి. మహావీరస్వామి ఉపదేశం విని ఆయన వ్రతం పట్టినప్పుడు నాగళ్ళను అసలే వద్దనలేదు. అయిదువందల నాగళ్ళకు మించి పెట్టనని హద్దు వ్రాసుకున్నాడు. నాగలి క్రింద ఎన్ని ప్రాణులు పోతాయో ఆయన లెక్కించియుండడు. పోతాయని మాత్రం తెలుసు. ఈనాడు ఒక్క చదరపు మీటరులో ఎన్ని ఉన్నవో అంకెతో తెలుస్తున్నది. అంకె తెలిసినవాని హద్దు, తెలియనివాని హద్దు ఒక్కటిగా ఉండనక్కరలేదు.

హేమచంద్రాచార్యుల యోగశాస్త్రంలో శ్రావకులు విడువవలసిన పదిహేను వృత్తులలో భూమిని చీల్చడం ఒకటి, విషవాణిజ్యం ఒకటి. మొదటిదానిని చెప్పుకొని, మేము సేద్యం చేయలేదు, వర్తకంలోకి వచ్చాము అని గర్వపడే ఇండ్లు చాల ఉన్నవి. రెండవదానిని ఆ ఇండ్లలోనే కొందరు మరచారు. పొలానికి చల్లే మందు డబ్బాలను బల్లమీద పేర్చి, సాయంకాలం సామాయికానికి కూర్చునేముందు ఆసనం క్రింద మెత్తని కుంచెతో తుడిచే వ్యాపారి, తాను తుడిచినదేమిటో, అమ్మినదేమిటో రెండు చీటీలు ప్రక్కప్రక్కన పెట్టి చూసుకోవాలి. ఫోల్సోమియా కాండిడా అనే తెల్లని, కన్నులులేని స్ప్రింగ్‌టెయిల్‌ను ప్రయోగశాలలలో పెంచి, ఏ మందు ఎంత మోతాదులో మన్నులో కలిస్తే అది చచ్చునో, పిల్లలు పెట్టడం మానునో పరీక్షిస్తారు. ఆ పరీక్షకు ప్రపంచమంతటా ఒప్పుకున్న పద్ధతి 1999లో ఏర్పడింది. ఇదీ హింసే. కాని ఆ ప్రాణికి పేరు, లక్షణం వ్రాసినవారు లేకుంటే మందు మన్నుకు చేసే కీడును అడిగే దారి ఒకటి తక్కువయ్యేది.

మనుమని ప్రశ్నకు జవాబు చెప్పవలసిన తాతకు ఇంతకన్న సుళువైన మాట దొరకదు. గరాటు పెట్టినవాడు తన ఖర్చును సీసామీద చీటీతో, తేదీతో, స్థలంతో, సంఖ్యతో వ్రాసి పెట్టాడు. మందు చల్లించినవాడు వ్రాయలేదు. ఇద్దరిలో పాపం ఎవరిది ఎక్కువ అన్నది కర్మ చూసుకుంటుంది; చిట్టా ఎవరిది సరిగా ఉన్నదో మాత్రం ఏ గుమాస్తా అయినా చెప్పగలడు.

వానకాలంలో గిడ్డంగి గోడవార, చెమ్మ పట్టిన గోనెల అడుగున ఈ తెల్లని నలుసులు కనబడుట సాధారణం. చూడగానే డబ్బా మూత తీసి పొడి చల్లడం నౌకర్లకు అలవాటు. ఇవి ధాన్యాన్ని తొలిచేవి కావు, బట్టను కొరికేవి కావు. చెమ్మ, బూజు ఉన్నచోటికి వచ్చినవి. గోనెలను చెక్కపలకల మీదికి ఎత్తించి, కారే గోడను బాగుచేయించి, తలుపులు తెరిపించి గాలి తగలనిస్తే చాలు. నేల ఆరుతున్న కొలదీ అవి తమంతట తామే గడప దాటి, బయట కాలువగట్టున ఉన్న తడిమన్నులోకి దిగిపోతాయి.