తోడేలు చెప్పిన మాట



తగవులో ఒక్కరి మాటే విని తీర్పు చెప్పకూడదని పెద్దలు అంటారు. మరి మనం పిల్లలకు చెప్పే కథల్లో రెండోవారి మాట ఎప్పుడైనా విన్నామా? తోడేలు చెడ్డది, మంత్రగత్తె చెడ్డది, సవతితల్లి కఠినురాలు. అంతే, మరో ప్రశ్న లేదు.

ఈ ముద్రలు ఎలా పడతాయో చూడండి. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలలో, అసూయతో స్నోవైట్‌ను చంపించబోయినది ఆమె కన్నతల్లే. 1819 ముద్రణలో ఆమె సవతితల్లి అయింది. హాన్సెల్, గ్రెటెల్‌లను అడవిలో వదిలేయమన్న తల్లి కూడా 1840 ముద్రణలో సవతితల్లిగా మారింది. ఈ మార్పుతో కన్నతల్లి గౌరవం దక్కింది. కాని నింద ఎవరి నెత్తిన పడింది? మన కథల్లోనూ ఆ పిలుపుకు మంచి పేరు లేదు. తల్లి పోయిన ఇంటికి వచ్చి, తాను కనని పిల్లలకు అన్నం కలిపి పెడుతున్న స్త్రీలు మన విచారణలలో లేరా? వారు ఏ తప్పూ చేయకముందే ఆ ఒక్క మాట వారిని దోషులుగా నిలబెడుతుంది.

ఈ కాలపు రచయితలు కొందరు పాత కథలను అవతలివారి వైపు నుండి తిరిగి చెబుతున్నారు. అందుకు వారు వాడే ముఖ్య సాధనం కథకుణ్ణి మార్చడం. జరిగిన సంగతులు చాలావరకు అవే, చెప్పే నోరు వేరు. అమెరికా రచయిత జాన్ షెస్కా 1989లో మూడు పందిపిల్లల కథను తోడేలు చేతనే చెప్పించాడు. బామ్మ పుట్టినరోజు కేకు కోసం కప్పు చక్కెర అడగడానికి వెళ్ళానని, జలుబు చేసి తుమ్మితే ఇల్లు కూలిందని, చచ్చిన పందిని పారేయడమెందుకని తిన్నానని అది జైలులో నుండి వాదిస్తుంది. పిల్లలు నవ్వుతారు. నవ్వుతూనే, ఇది తనకు అనుకూలంగా చెప్పుకుంటున్నదని పసిగడతారు. చచ్చిన పందిపిల్లల తరఫున మాట్లాడేదెవరు?

2014లో వచ్చిన డిస్నీ వారి ‘మెలెఫిసెంట్’ చిత్రం వేరే దారి పట్టింది. 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’లో రాకుమారిని శపించిన మంత్రగత్తె ఇందులో కథానాయిక. ఆమె నమ్మిన స్నేహితుడే సింహాసనం కోసం, ఆమె నిద్రలో ఉండగా రెక్కలు కోసుకుపోతాడు. ఆ కోపంతో అతని పసిబిడ్డను ఆమె శపిస్తుంది. ఆమె బాధ చూసి మన మనసు కరుగుతుంది. అయినా శాపం సబబేనని చిత్రం చెప్పదు. ఆమె ఆ బిడ్డను ప్రేమించి, శాపాన్ని వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేక పశ్చాత్తాపపడుతుంది. చివరకు తెలిసేదేమిటంటే, ఇంతసేపూ మనకు కథ చెప్పినది శాపానికి గురైన ఆ అమ్మాయే!

ఈ తేడా గమనించండి. తోడేలు తన కోసం తాను చెప్పుకుంది. ఇక్కడ, గాయపడినదే గాయపరచినదాని కోసం నోరు విప్పింది. మొదటిది సాకు. రెండవది క్షమాపణ.

తప్పు వెనుక కారణం తెలిస్తే తప్పు తప్పు కాకుండా పోతుందా? తాగి భార్యను కొట్టేవాడికీ ఒక కథ ఉంటుంది. చిన్నతనంలో అతడు తిన్న దెబ్బలు నిజమే కావచ్చు. దానిని తప్పక విందాం. కాని ఆ కథతో ఆమె ఒంటిమీది వాతలు మానవు. మన్నించే హక్కు ఆమెది. ఆమె తరఫున మనం దానిని దానం చేయలేము.

కనుక తల్లిదండ్రులారా, పిల్లలకు కొత్త కథలు చూపించడానికి భయపడవద్దు. చూపించి, పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఈ కథ చెబుతున్నది ఎవరు? ఇందులో ఎవరి మాట వినబడలేదు? తప్పు చేసినవారు తప్పని ఒప్పుకున్నారా?

రేపు వీధిలో పొరుగింటివారి గురించి ఎవరైనా ఒక కథ మోసుకొస్తే, ఆ మూడు ప్రశ్నలూ మనమే వేసుకోవలసి ఉంటుంది.