అలసిన చేతులకు ఆధారము

ధ్యానభాగము: నిర్గమకాండము 17:8–13

రెఫీదీములో యుద్ధము జరుగుచున్నది. క్రింద యెహోషువ ఖడ్గముతో పోరాడుచుండగా, కొండ శిఖరమున మోషే చేతులెత్తి నిలిచియుండెను. ఇచ్చట లేఖనము ఒక చిన్న సంగతిని మనకు దాచక చెప్పుచున్నది. మోషే అలసెను. సముద్రముమీద చాపబడిన ఆ చేతులే బరువై క్రిందికి వాలెను. అతని విశ్వాసము తరుగలేదు, దేవుని పిలుపు మారలేదు. అతడు మనుష్యుడు గనుక అతని చేతులు అలసెను.

ప్రియులారా, అప్పుడు అహరోను, హూరు ఏమి చేసిరో గమనించుడి. వారు అతని గద్దింపలేదు. మరింత ఓర్చుకొనుమని బోధింపలేదు. ఒక రాతిని తెచ్చి అతని కూర్చుండబెట్టిరి. చెరియొక ప్రక్కను నిలిచి, ప్రొద్దు గ్రుంకువరకు అతని చేతులను ఆదుకొనిరి. సర్వశక్తిగల దేవుడు ఆ చేతులకు అద్భుతమైన బలము నియ్యగలడు. అయితే ఆ దినమున ఆయన ఇచ్చినది ఒక రాయి, ఇద్దరు సహోదరులు.

ఈ వాక్యమును ధ్యానించుచుండగా ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణము నా తలంపునకు వచ్చుచున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాటినుండి ఉత్తరాంధ్ర ప్రజలు ఉద్యోగము నిమిత్తము ఈ మార్గముల వెంబడి వలసవచ్చి స్థిరపడిరి. విజయనగరమునుండి రాయపూరునకు 1931లో పూర్తియైన రైలుమార్గము ఆ రాకపోకలను మరింత సుగమము చేసెను. 2003నుండి బిలాస్‌పూర్ ఒక రైల్వే జోనునకు ముఖ్యస్థానము. ఆ పట్టణములో స్టేషనుకు సమీపమున తార్‌బహార్ అను పేట కలదు. హిందీలో తార్ అనగా తీగ, బాహర్ అనగా వెలుపల. ఆ పేరును విడదీసి చదివినయెడల "తీగకు వెలుపల" అను భావము వచ్చును.

రైల్వేవారు విశ్రాంతినిగూర్చి ఒక మంచి సంగతి నెరుగుదురు. నిరంతర విధిగా నిర్ణయింపబడిన పనివారికి వారమునకు వరుసగా 30 గంటలకు తక్కువ కాని విశ్రాంతి నియ్యవలెనని 1989 నాటి రైల్వే చట్టము విధించుచున్నది. ఒక స్టేషను మాస్టరు విశ్రాంతి దినమున ఇంటికి వెళ్లినయెడల, అతని స్థానములో పనిచేయుటకు వచ్చువానిని "రెస్ట్ గివర్" అందురు. విశ్రాంతి నిచ్చువాడు! ఎంత చక్కని పేరు! అలసిన కన్ను సిగ్నలును తప్పుగా చూచునని, ఒక్కని అలసట అనేకుల ప్రాణమునకు అపాయమని వారికి తెలియును. ద్వితీయోపదేశకాండము 5:14లో దేవుడు యజమానికి మాత్రమే గాక దాసునికి, దాసికి, పశువునకు సహితము విశ్రాంతి దినమును ఏర్పరచుటలో ఇదే కనికరము కనబడుచున్నది.

అయితే తీగకు వెలుపలనున్న ఒక గృహమును తలంచుడి. ఉద్యోగవిరమణ చేసిన భర్త పక్షవాయువుతో మంచముపట్టి నాలుగేండ్లైనది. పుండ్లు పడకుండునట్లు రాత్రింబగళ్లు అతనిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. గొంతులో ఆహారము అడ్డుపడకుండునట్లు కూర్చుండబెట్టి మెల్లగా తినిపింపవలెను. పిల్లలు దూరదేశముల ఉద్యోగములలోనున్నారు. అక్కచెల్లెండ్రు శ్రీకాకుళము వైపున నున్నారు. ఆ భార్యకు 30 గంటల విశ్రాంతి నిచ్చు చట్టము లేదు. ఆమె స్థానములో నిలుచుటకు రెస్ట్ గివర్ లేడు. ఆదివారమున ఆలయపు గంట వినబడును గాని ఆమె రాలేదు. మనము ఆమెను చూచి, "అమ్మా, నీవు ధన్యురాలవు, నీకొరకు ప్రార్థించుచున్నాము" అని చెప్పి వచ్చెదము.

ఆమె హృదయములో ఎవరితోను చెప్పని ఒక తలంపు కలదు. ఒక రాత్రి మూడవసారి లేచినప్పుడు, "ఇది ఎప్పుడు ముగియును ప్రభువా?" అని ఆమె అనుకొనెను. ముగియుట అనగా ఏమో తెలిసి ఆమె వణకెను. తాను పాపిననియు, తన ప్రేమ చల్లారెననియు ఎంచి నాటినుండి ప్రార్థించుటకు సహితము వెనుకాడుచున్నది. ఆ సహోదరికి 1 రాజులు 19వ అధ్యాయమును చూపింప గోరుచున్నాను. బదరీవృక్షము క్రింద ఏలీయా తన ప్రాణము తీసివేయుమని దేవుని వేడుకొనెను. దేవుడు మొదట అతనిని ప్రశ్నింపలేదు. నిద్ర నిచ్చెను, రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్ర నిచ్చెను. ప్రశ్న తరువాత వచ్చెను. అమ్మా, నీ తలంపు ప్రేమ చచ్చినదనుటకు గుర్తు కాదు. అది అలసిన దేహపు మొర. నీ దేవుడు దానిని ఎరుగును.

కొందరు, "ఎవరి సిలువ వారే మోయవలెను గదా" అందురు. సత్యమే. కాని మన ప్రభువు సిలువను సహితము కొంత దూరము కురేనీయుడైన సీమోను మోసెను. లోకపాపమును ఆయన ఒక్కడే మోసెను. ఆ కొయ్యను మోయుటలో మాత్రము మరియొకని భుజము వచ్చుటను ఆయన త్రోసివేయలేదు. అట్లుండగా సహాయము పొందుటకు మనమెందుకు సిగ్గుపడవలెను?

ఇది సాధ్యమా అని అడుగుదురేమో. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల తన మానసిక చికిత్సాలయములో 1950వ దశకమునుండియే రోగితో కూడ కుటుంబమును చేర్చుకొని, రోగి భారము కుటుంబపు భారముకూడనని గుర్తించెను. కేరళలో 2001లో ఆరంభమైన ఇరుగుపొరుగు సంరక్షణోద్యమము వారమునకు కనీసము రెండు గంటలు ఇయ్యగల సామాన్య జనులను కోరి, వారికి తర్ఫీదునిచ్చి, మంచమునున్నవారి ఇండ్లకు పంపెను. 1999 నాటి చట్టముచే ఏర్పడిన నేషనల్ ట్రస్టు, బుద్ధిమాంద్యము, ఆటిజము, మస్తిష్క పక్షవాతము మొదలగునవి గలవారి కుటుంబములకొరకు సమర్థ్ అను తాత్కాలిక సంరక్షణ పథకమును రూపించెను. సంరక్షకులకు ఇట్లు విరామము నిచ్చు సేవను వైద్యులు రెస్పైట్ కేర్ అందురు. వృద్ధుల విషయమై సలహా కోరువారికి 14567 అను జాతీయ సహాయ సంఖ్య కలదు. వీటిని ఎరిగి, తెలియని కుటుంబములకు తెలుపుటయు పరిచర్యయే.

అయినను రెండు గంటలు ఇచ్చుటకు సంఘమునకు ఏ పథకమును అక్కరలేదు. "ఏమైనా కావలసిన చెప్పుడి" అని అనకుడి, అలసినవారు అడుగలేరు. "గురువారము నాలుగు గంటలకు మేమిద్దరము వచ్చెదము" అని చెప్పుడి. చెప్పిన గడియకు వెళ్లుడి. ముందుగా ఒక దినము ఆ ఇంటివారి ప్రక్కను కూర్చుండి మందుల వేళలను, ప్రక్కకు త్రిప్పు విధమును, రోగికి ఇష్టమైన మాటలను నేర్చుకొనుడి. మతిమరపు గలవారికి క్రొత్త ముఖములు భయము పుట్టించును గనుక వారమువారము వారే వెళ్లుట మంచిది. స్త్రీలయొద్దకు స్త్రీలు, పురుషులయొద్దకు పురుషులు వెళ్లుడి. ఆ ఇంట చూచినదానిని వెలుపల చెప్పకుడి. ఆ సహోదరి ఆ రెండు గంటలలో ఆలయమునకు వచ్చిన సంతోషమే, నిద్రించినను సంతోషమే. లెక్క అడుగకుడి.

మంచముపైనున్న సహోదరుడా, నీ భార్య గుమ్మము దాటినప్పుడు నీవు విడువబడితివని తలంచకుము. విశ్రమించిన చేతులు మరింత మృదువుగా నీయొద్దకు తిరిగివచ్చును. నీ ప్రక్కను కూర్చున్న క్రొత్త స్నేహితునికొరకు నీవును ప్రార్థింపగలవు. అట్లు నీవును ఆ పరిచర్యలో పాలివాడవు.

మన ప్రభువు గవినివెలుపట శ్రమపడెననియు, మనమును ఆయనయొద్దకు వెలుపలికి వెళ్లవలెననియు హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 13వ అధ్యాయము బోధించుచున్నది. మన సంఘపు తీగకు వెలుపల, మూసిన తలుపుల వెనుక, ఎవరి చేతులు వాలిపోవుచున్నవి? ఈ వారము ఒక పేరు జ్ఞాపకము చేసికొనుడి. ఒక గడియను నిర్ణయించుడి. ఆ రాతిని మోసికొని కొండ ఎక్కుడి.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, రాత్రులయందు మెలకువగా నుండి నీ బిడ్డలను కాయువారిని జ్ఞాపకము చేసికొనుము. వారి దాచబడిన కన్నీటిని క్షమతో తుడువుము. మంచముననున్నవారి భయమును తొలగింపుము. మా గడియలలో కొన్నిటిని తీసికొని వారికి విశ్రాంతిగా చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.