కరివేపాకు చెట్టు దగ్గర కాసేపు

ఉగాది వెళ్లింది. పెరట్లో నిమ్మ, కరివేపాకు చిగుళ్లు వేశాయి. ఈ పూట ఆ లేత ఆకుల్ని ఒక్కసారి తిప్పి చూడండి. గుండ్రటి లేత పసుపు గుడ్డు ఒకటి కనిపించవచ్చు. అది నిమ్మ సీతాకోకచిలుకది. మూడు నాలుగు రోజుల్లో అందులోంచి పురుగు వస్తుంది. మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్టలు ముట్టకుండా అదే దాని రక్ష. పెరిగాక పచ్చబడి ఆకుల్లో కలిసిపోతుంది. కదిలిస్తే తల వెనక నుంచి రెండు మెత్తని కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలకి ఇది తప్పకుండా చూపించండి!

నిమ్మ నారు పెంచే రైతుకు ఈ పురుగుతో నష్టమే, కాదనను. కానీ పెరటి చెట్టు నాలుగు రెమ్మలు ఇవ్వగలదు.

ఈ పురుగును పెంచాలనుకుంటే వెడల్పాటి సీసా, పైన పల్చటి గుడ్డ, ఎక్కడానికి ఒక పుల్ల చాలు. రోజూ తాజా ఆకు వేయండి, రెట్టలు తీసేయండి. బజారు కరివేపాకు వద్దు, మందు కొట్టి ఉండొచ్చు. కొన్ని పురుగుల్లోంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగలు వస్తాయి. మనసు కష్టపడుతుంది కానీ, వాటి బతుకూ ఇక్కడిదే.

పురుగు పుల్లకు పట్టుదారంతో నడుము కట్టుకుని ప్యూపా అయ్యాక కదపొద్దు. సీతాకోకచిలుక బయటికొచ్చినప్పుడు రెక్కలు ముడతలుపడి ఉంటాయి. వేలాడితేనే అవి విచ్చుకుంటాయి. సాయం చేద్దామని చెయ్యి వేయకండి, గుడ్డ మాత్రం తీసి ఉంచండి.