కలివికోడి నేల, మా అన్న మేకలు



షర్క్‌లో మా ఆఫీసు కిటికీ దగ్గర నిలబడితే కింద చేపల మార్కెట్టు, పడవలు, వాటి వెనుక కువైట్ అఖాతం కనిపిస్తాయి. చలికాలంలో ఈ అఖాతపు బురద నేలల మీద రాజహంసలు దిగుతాయి. ఇంకా ఉత్తరాన బూబియాన్ దీవిలో క్రాబ్ ప్లోవర్ అనే నలుపు తెలుపు పక్షి ఇసుకలో బొరియ తవ్వుకుని గుడ్డు పెడుతుంది. అక్కడి ముబారక్ అల్ కబీర్ సంరక్షిత ప్రాంతాన్ని 2015లో రామ్‌సర్ ఒప్పందం కింద చేర్చారు. కువైట్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి చిత్తడి నేల అదే.

ఇలాంటి చోట్లను ఎలా ఎంచుతారో తెలుసుకోవాలనిపించి ఒక రాత్రి చదువుతూ కూర్చున్నాను. ప్రపంచమంతటికీ ఒకే కొలమానం ఉండాలని ఐయూసీఎన్ 2016లో నియమాలు ప్రకటించింది. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న ప్రాణి ఒక చోట ఎంత శాతం ఉంది, మరెక్కడైనా ఉందా అని లెక్క చూస్తారు. అలా గుర్తించిన కీలక జీవవైవిధ్య ప్రాంతాలు ఇప్పటికి 16 వేలు దాటాయి. వాటిలో కొన్ని మరీ ప్రత్యేకం. ఒక ప్రాణికి ఈ భూమి మీద మిగిలిన ఒకే ఒక్క చోటు అది. మా ఐటీ వాళ్ల భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేని సర్వర్ అన్నమాట.

అలాంటి చోట్ల జాబితాలో మా కడప జిల్లా కనిపించింది. లంకమల అడవి!

మనలో చాలామందిది ఆ చుట్టుపక్కల ఊళ్లే కదా, మీకు కలివికోడి కథ తెలిసే ఉంటుంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు దాన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. నిజానికి ఆ ఊళ్లలో వేటగాళ్లకు అది ముందే తెలుసు. శాస్త్రవేత్తలు వచ్చి అడిగేదాకా వాళ్ల మాటకు లెక్క లేదు, అంతే. 1988లో లంకమల అభయారణ్యమైంది. రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి, పరిశోధకులు మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి తెల్లారి అడుగుజాడలు వెతికేవారు. దాని కూతను టేపులో వినిపించి, జవాబు వస్తుందేమో అని చెవులు రిక్కించేవారు. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పిట్ట నేలలోకి వచ్చినప్పుడు పని ఆపించి, కాలువ దారినే మళ్లించారు. కరువు సీమలో కాలువను ఒక పిట్ట కోసం వంచారంటే అది చిన్న సంగతి కాదు.

ఇదంతా సంబరంగా శుక్రవారం ఆరాధన అయ్యాక టీ దగ్గర ఒక అన్నకు చెప్పాను. ఆయనది ఆ అడవి అంచు ఊరే. ఇక్కడ డ్రైవరు పని. అంతా విని, "పిట్ట కోసరం పటం గీసినోళ్లు మా మేకలకు గీసినారా తమ్ముడూ? మా నాయన అడివిలోకి తోలితే ఫారెస్టోళ్లు తిట్టి పంపినారు. మేకలమ్మి నాకు వీసా తీసినాడు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పదకొండో అంతస్తులో ఏసీ కింద కూర్చుని పిట్టను ప్రేమించడానికి నాకు పైసా ఖర్చు లేదు. ఆ ప్రేమకు ఖరీదు కట్టింది వాళ్ల నాయన.

ఇంటికెళ్లి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం తీశాను. దారిలో పక్షి గూడు కనిపిస్తే పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని తీయకూడదని అక్కడ ఒక ఆజ్ఞ ఉంది. ఎన్నోసార్లు చదివి దాటేసిన వచనాలు. ఈసారి రెండు సంగతులు ఆపాయి. గూడును ముట్టుకోవద్దని దేవుడు అనలేదు, ఆకలిగొన్నవాడికి అందులో కొంత వదిలాడు. కానీ మళ్లీ గూడు కట్టగలిగేది తల్లి ఒక్కటే, దాన్ని మాత్రం వదలమన్నాడు. ఆ ఆజ్ఞకు జోడించిన వాగ్దానం మేలు, దీర్ఘాయువు. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞకూ ఉన్నది అదే.

ఆ వాక్యం ముందు పెట్టి చూస్తే లంకమలను కాపాడటం తప్పని నేను అనలేను. మేకల మేతకు వేరే దారి వెతకవచ్చు, డబ్బిచ్చి అయినా సరే. కలివికోడికి ఇంకో లంకమల లేదు. అయితే ఆ డబ్బు ఎవరివ్వాలి? పటం మీద గీత గీయడం గుర్తింపు మాత్రమే, దానివల్ల ఎవరి గిన్నెలోకీ కూడు రాదు. లోకమంతటి ఆస్తి అని ముద్ర వేసినప్పుడు, కాపలా ఖర్చు మాత్రం అడవి అంచున ఉన్న పేదవాడి మీదే పడితే అది న్యాయం ఎలా అవుతుంది? మనం దశమభాగం లెక్క వేసేటప్పుడు ఈ ఖర్చు ఎప్పుడైనా గుర్తొచ్చిందా?

పరిశోధకులు రాసినదాంట్లో ఇంకో మాట ఉంది, అన్నకు అదే ముందు చెప్పాల్సింది. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. పలచగా పొదలుండి, మధ్యలో ఖాళీ ఉండాలి. మితంగా మేత మేస్తే, కొద్దిగా కట్టెలు కొడితే ఆ ఖాళీ నిలుస్తుందట. అంటే మేకల్ని పూర్తిగా తరిమేయడం పిట్టకు కూడా మేలు కాకపోవచ్చు. ఎన్ని మేకలు, ఏ నెలల్లో, ఏ వైపున అన్నది అక్కడివాళ్లతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

పోయిన శుక్రవారం ఈ మాట ఆయనకు చెప్పాను. "మా నాయనకు ముప్పైయే ఉండె" అన్నాడు. కాసేపాగి నా ఫోను తీసుకున్నాడు. పటం మీద రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ, అడవి గీత వెంబడి వాళ్ల ఊరు వెతుక్కున్నాడు. గీతకు బయట, చిటికెన వేలంత దూరంలో ఉంది.