యుద్ధపు బండికి చల్లగాలి

మనుషులు నాకు రెండు రకాలుగా కనిపిస్తారు. తాము పడ్డ కష్టం ఇంకెవరికీ వద్దనుకునేవాళ్ళు ఒక రకం. తాము పడ్డాం గనక వెనక వచ్చేవాళ్ళూ పడాల్సిందే అనుకునేవాళ్ళు ఇంకో రకం. చిక్కేమిటంటే ఈ రెండు రకాలూ తరచు ఒకే మనిషిలో కాపురం చేస్తుంటాయి. పొద్దున్న కూతురితో "నువ్వెందుకే ఆ బిందె ఎత్తడం, నడుం పట్టుకుంటుంది" అన్న తల్లే, సాయంత్రం కోడలితో "మా రోజుల్లో నీళ్ళన్నీ బావి నుంచి తోడి మోసుకొచ్చేవాళ్ళం" అంటుంది. రెండు మాటలూ నిజమే, రెండూ ఆవిడవే.

ఈ సంగతి గురించి నేను గట్టిగా ఆలోచించింది వంటింట్లో కాదు, ఒక పాత మిలటరీ ట్రక్కు పక్కన నిలబడి. నవ్వకండి, చెబుతాను.

మా మేనల్లుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ పట్నానికి కాస్త ఎడంగా ఉంటాడు. ఆమధ్య ఒక ఎండాకాలం అన్నయ్యా వదినా వాడి దగ్గరికి వెళుతూ నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. తీరా వెళ్ళేసరికి ఇంటి వాకిట్లో, కారు ఉండవలసిన చోట, ఆకుపచ్చ రంగు వెలిసిపోయిన పది చక్రాల ట్రక్కొకటి ఏనుగులా నిలబడి ఉంది. అమెరికా సైన్యం 1950 ప్రాంతం నుంచి వాడిన ఎం-35 అట అది. రెండున్నర టన్నుల బండి గనక దాన్ని అక్కడ ముద్దుగా 'డ్యూస్ అండ్ ఎ హాఫ్' అంటారు. వియత్నాం యుద్ధంలో మనుషుల్నీ సామాన్లనీ మోసినవాటిలో ఇదీ ఒకటి. సైన్యానికి అక్కర్లేకపోయాక వేలం వేస్తే, మనవాళ్ళు జోంగా జీపులు కొనుక్కుని ముస్తాబు చేసుకున్నట్టే అక్కడివాళ్ళు వీటిని కొనుక్కుంటారు. జులై నాలుగో తారీకు ఊరేగింపుల్లో తిప్పి మురిసిపోతారు. మావాడూ ఆ కోవలో చేరాడు. చేరినవాడు ఊరుకోక, దానికి ఎయిర్ కండిషనర్ పెట్టడం మొదలెట్టాడు.

పెట్టడమంటే గోడకి కన్నం చేసి పెట్టె తగిలించడం కాదు. ఆ బండి మనిషి సుఖం కోసం పుట్టింది కాదాయె. డ్రైవరు కూర్చునే చోట పైకప్పు కాన్వాసు గుడ్డ. గాలి కావాలంటే ముందు అద్దాన్ని కిందనుంచి బయటికి తోసుకోవాలి. ఇంజను వేడి తిన్నగా కాళ్ళ దగ్గరికే వస్తుంది. ఏసీ సామాన్లేమో మామూలు కార్లవి, పన్నెండు వోల్టులవి. ఈ మహాతల్లి కరెంటు ఇరవైనాలుగు వోల్టులు. కంప్రెసరు నిలబెట్టడానికి ఇంజను పక్కన ఆధారం లేకపోతే ఇనప పలక కోసి తనే చేసుకున్నాడు. కండెన్సరుని కార్లలోలాగా రేడియేటరు ముందు పెడితే ఇంజను వేడెక్కిపోతుందేమోనని, వేరే చోట రెండు ఫ్యాన్లతో బిగించాడు. ఇంతా చేసి, అందులో సగం పని చల్లబరచడం కాదు, మూయడం! గుడ్డ కప్పు తీసేసి రేకు కప్పు వేశాడు. తలుపుల సందులూ, పెడళ్ళ పక్క కంతలూ రబ్బరుతోనూ దళసరి చాపలతోనూ మూశాడు. "చల్లదనం తేవడం కంటె వేడిని బయట ఆపడమే కష్టం అత్తయ్యా" అన్నాడు చొక్కా అంచుతో చెమట తుడుచుకుంటూ.

నాకు నవ్వొచ్చింది. అన్నయ్య మాత్రం నవ్వలేదు.

అన్నయ్య సైన్యంలో డ్రైవరుగా చేశాడు. ఉద్యోగమంతా దాదాపు శక్తిమాన్ ట్రక్కు మీదే గడిచింది. జర్మనీ మాన్ కంపెనీ సహకారంతో జబల్పూరులో 1959 నుంచి తయారైన బండి అది. మా చిన్నతనంలో సికిందరాబాదు రోడ్ల మీద వరసగా పోతుంటే పిల్లలం నిలబడి లెక్కపెట్టేవాళ్ళం. దాన్ని రాజస్థాన్ ఎడారిలో మే నెల ఎండలో నడిపినవాడు కొడుకు చేస్తున్న పని చూసి ఊరుకుంటాడా?

"ఏరా, యుద్ధపు బండికి ఏసీ ఏమిట్రా, పెళ్ళికొడుకు కారులాగా?"

"జులైలో ఇక్కడ వంద డిగ్రీలు దాటుతుంది నాన్నా. పిల్లలు ఉడికిపోరూ?"

"మేం ఉడకలేదూ?"

చూశారా, ఈ 'మేం ఉడకలేదూ' అన్న మాటకి ఎదురు లేదు. ఇది ప్రతి ఇంట్లోనూ ఉన్న మాటే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లోకి మిక్సీ వస్తే మా అత్తగారు నెల్లాళ్ళు దాని మొహం చూడలేదు. రోట్లో రుబ్బిన పచ్చడి రుచే వేరు అనేవారు. ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం, ఇప్పటికీ నేను కాదనను. కాని ఆవిడ కుడి భుజం రాత్రిళ్ళు సలుపుతుంటే వేణ్ణీళ్ళ కాపడం పెట్టిందాన్ని కూడా నేనే. రుచీ నిజమే, సలుపూ నిజమే. ఆవిడ రుచి గురించే మాట్లాడేవారు తప్ప భుజం ఊసెత్తేవారు కాదు. ఎత్తితే ఇంకో ప్రశ్న వస్తుంది మరి: ఆ నలభయ్యేళ్ళ సలుపూ అక్కర్లేనిదేనా? తప్పించుకోగలిగిన కష్టాన్నే ఇన్నాళ్ళూ పడ్డానా? ఈ ప్రశ్న ఎంత క్రూరమైనదో ఆలోచించండి. దానికి జవాబు చెప్పుకోవడం కంటె కష్టమే గొప్పదని నమ్మడం మనిషికి తేలిక. అంచేత నాకు ఇలాంటి పెద్దవాళ్ళ మీద కోపం రాదు.

మేనల్లుడి స్నేహితులు, పాత బండ్ల పిచ్చివాళ్ళే, వాళ్ళదింకో అభ్యంతరం. ఉన్నదున్నట్టు ఉంచకపోతే అది సైనిక బండి ఎలా అవుతుందంటారు. దీనికి నా దగ్గర పెద్ద సానుభూతి లేదు. సైన్యమే దాన్ని ఉన్నదున్నట్టు ఉంచలేదు. ఒకప్పుడు డీజిలూ పెట్రోలూ ఏది పోసినా నడిచే ఇంజను పెట్టింది. 1990ల్లో కొన్నిటికి దాన్నీ తీసేసి, గేర్లు తమంతట తాము మారే ఏర్పాటు చేసింది. యజమాని మార్చవచ్చు గాని కొనుక్కున్నవాడు మార్చకూడదా? పోనిద్దురూ.

అన్నయ్య అభ్యంతరం అంత తేలిగ్గా పోయేది కాదు. ఆ రాత్రి భోజనాలయ్యాక మెల్లిగా అసలు సంగతి చెప్పాడు.

"ముందు కూర్చునేది ఇద్దరో ముగ్గురో. వెనక తార్పాలిన్ కింద ఇరవైమంది కుర్రాళ్ళు. వాళ్ళు మాడుతుంటే నేను చల్లగా కూర్చుంటే ఏం బావుంటుందే? అదొకటి. రెండోది, వెనక ఎవరికేమైనా అయితే వాళ్ళు డ్రైవరు కప్పు మీద దబదబా బాదేవాళ్ళు. మా అద్దాలు దించి ఉంటాయి గనక వినపడేది. ఒకసారి ఓ కుర్రాడు ఎండదెబ్బకి పడిపోతే అలాగే బాదారు. ఆపి, బయట వేలాడే కాన్వాసు సంచిలో నీళ్ళు వాడి నెత్తిన పోశాం. బతికాడు. అద్దాలు బిగించుకుని, ఆ ఫ్యాను హోరు పెట్టుకుని కూర్చుంటే నాకు వినపడేదా?"

ఎవరం మాట్లాడలేదు. (ఆ కాన్వాసు సంచి గురించి ఒక మాట. గుడ్డలోంచి నీరు చెమర్చి ఆరిపోతుంటే లోపలి నీళ్ళు చల్లబడతాయి, మన మట్టి కూజాలాగే. ఆ బండిలో ఉన్న ఏసీ అదొక్కటే. అది అందరిదీ.)

అప్పట్నుంచీ నాకిదే ధ్యాస. చల్లదనం మొదట ఎవరికి అందిందో చూద్దామని లెక్క వేసుకుంటే తమాషాగా ఉంటుంది. 1902లో కేరియర్ అనే అమెరికా ఇంజనీరు ఈ యంత్రానికి రూపకల్పన చేసింది మనుషుల కోసం కాదు, బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో కాగితాల కోసం. గాలిలో తేమకి కాగితం ఉబ్బి రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోకపోతే ఆయన్ని పిలిచారు. సైన్యంలోనూ అంతే. ట్రక్కుల మీద గదుల్లా బిగించిన రేడియో పరికరాల పెట్టెలకి ఏసీలు ఉండేవి, ఆ ట్రక్కు నడిపేవాడికి ఉండేది కాదు. మన ఆఫీసుల్లో మాత్రం? 1980ల్లో కంప్యూటరు గదికి ఏసీ, చెప్పులు బయట విడిచి వెళ్ళడం, పక్క హాల్లో గుమాస్తాల నెత్తిన గిర్రుమనే ఫ్యాను. మీలో ఉద్యోగాలు చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 2003లో ఇరాక్ యుద్ధం మొదలయ్యాక రోడ్డు పక్క బాంబులకి తట్టుకోవడానికి అమెరికన్లు తమ హమ్వీ బండ్లకి ఉక్కు తొడుగులు బిగించారు. మందపాటి కిటికీలు మూసుకు కూర్చుంటే లోపల మనిషి నిలవడు. అంచేత ఆ తొడుగుల సామానుతోపాటే ఏసీ ఇచ్చారు. కాగితం ఉబ్బకూడదని ఇచ్చినట్టే, సైనికుడు సోలిపోకూడదని ఇచ్చారన్నమాట. మనిషికి మనిషిగా చల్లదనం ఇవ్వడం చాలా ఆలస్యంగా తట్టే ఆలోచన కాబోలు.

ఇంకో సంగతి. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని ఎత్తి బయట పారబోస్తుంది, దానికి తన వేడి కూడా కొంత కలిపి. మన అపార్టుమెంట్లలో చూడండి, మన గది చల్లబడుతుంటే పక్కవాళ్ళ బట్టలారేసుకునే బాల్కనీలోకి సెగ కొడుతుంటుంది. కింద వాచ్‌మన్ కుర్చీ ఎక్కడుందో ఎప్పుడైనా గమనించారా?

అయితే అన్నయ్యలా అందరూ మాడవలసిందేనా? అక్కడ నేనొప్పుకోను. వెనకవాళ్ళతోపాటు తనూ మాడతానన్నవాడికి చేతులెత్తి మొక్కుతాను, ఆ మాట ఆ మనిషి తన గురించి అన్నంతవరకూ. ఇంకొకడి చేత అదే చేయించబోతే మటుకు అది త్యాగం కాదు, పెత్తనం. పైగా ఎండకి డ్రైవరు కళ్ళు మూతపడితే పోయేది వెనక ఉన్న ఇరవైమందీ కూడా. అంచేత డ్రైవరు చల్లగా ఉండాలి. ఉండి, వినాలి. కష్టం తీసేస్తే నష్టమేమీ లేదు. దానితోపాటు ఆ దబదబ చప్పుడు కూడా పోతేనే ప్రమాదం. ఇదేం పెద్ద కనిపెట్టిన సత్యం కాదు, తలుపు మూసుకుని ఏసీ వేసుకున్న ప్రతి ఇల్లాలికీ వంటింట్లో పనిమనిషి పిలుపు వినపడకపోవడం అనుభవమే.

మన దేశంలో మూడున్నర టన్నులు దాటిన కొత్త లారీలన్నిటికీ డ్రైవరు క్యాబిన్లో ఏసీ ఉండి తీరాలని 2023 డిసెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2025లో ఒక తేదీ నుంచి తయారయ్యేవాటికి అది వర్తిస్తుంది. ఈ వార్త చదివిన రోజున నాకు నిజంగా సంతోషమేసింది. ఎండాకాలం లారీ డ్రైవరు సీటు ఎలా ఉంటుందో ఆ డ్రైవర్ల భార్యల్ని అడగండి, ఇంటికొచ్చిన చొక్కాలు ఉతికేది వాళ్ళేగా. ఆ చట్టం పాత లారీలకి వర్తించదు, అది వేరే విచారం. అదే ఏప్రిల్ ఎండలో గుంటూరు మిరప యార్డు వైపు వెళ్ళే లారీల మీద, బస్తాల పైన తలగుడ్డ కప్పుకుని కూర్చున్న కూలీలు కూడా నా కళ్ళలో మెదిలారు. అలా ఎక్కించకూడదని రూలు ఉంది. ఎక్కడం మానలేదు.

మేనల్లుడు పని పూర్తిచేశాడు. ఏసీ బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంకో పని కూడా చేశాడు, ఎవరికీ చెప్పకుండా. వెనక బెంచీల పక్కన గొడుగు పిడి అంత బొత్తాం ఒకటి బిగించి, దాని తీగ డ్రైవరు చెవి పక్కన బజరుకి కలిపాడు. అన్నయ్యకి చూపిస్తే మాట్లాడకుండా వెనక్కి ఎక్కి, బెంచీ మీద కూర్చుని నొక్కాడు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ముందు కూర్చున్న మనవలు కెవ్వుమని నవ్వుతూ "ఆపాం తాతయ్యా, ఆపాం!" అని అరిచారు. బండి కదలనే లేదు.

"ఏమండీ, దిగండిక," అంది వదిన గుమ్మంలోంచి, "పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు."