పోసిన నీళ్ళు యాడికి పోయాయి?

పుల్లలచెరువులో ఒక మిర్చి షావుకారు ఉండేవాడు. ఎండాకాలం ట్యాంకరు వచ్చిందంటే ఆయనే వాకిట్లో నిలబడి డ్రమ్ములు లెక్కపెట్టుకునేవాడు. కోడలు గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు చేరాయా, ఊరికే మోరీలో కలిశాయా అని అరుగు మీద కూర్చుని చూసేవాడు. పనివాడు బిందె నింపుతూ పక్కన చెంబెడు ఒలకబోస్తే ఆయన కేక వీధి చివరిదాకా వినపడేది. ఆ ఊళ్ళో దాన్నెవరూ పిసినారితనం అనరు. బోరు వేస్తే ఉప్పు నీళ్ళు, లేకుంటే ఫ్లోరైడు నీళ్ళు పడే నేల అది. తాగే నీళ్ళు కొనుక్కునే చోట నీటికి లెక్క ఉండాల్సిందే.

గుంటూరు యార్డుకు పోయి రావడానికని ఆ షావుకారు ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. అమ్మినవాడు కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, తాళాలు చేతిలో పెట్టాడు. రేడియేటర్లో కూలెంటు కంటే బోరునీళ్ళే ఎక్కువ ఉన్నాయన్న ముక్క మాత్రం చెప్పలేదు.

నెల తిరక్కముందే బండికి దాహం పట్టుకుంది. బండి తోలేది మేనల్లుడు. పొద్దున్నే మూత తీసి చూస్తే నీళ్ళు తగ్గి ఉండేవి. ప్లాస్టిక్ సీసా పట్టుకుపోయి బోరు కింద నింపుకొచ్చి, పోసి, మూత బిగించేవాడు. "పాత బండి గదా మామా, తాగుద్ది" అనేవాడు. షావుకారు తలూపేవాడు.

ముందు ఎడమ సీటు షావుకారు తల్లిది. మొదట పసిగట్టింది ఆమే. "ఒరే అబ్బయ్యా, బండిలో బెల్లప్పాకం వాసన వస్తంది. ఎవురన్నా అరిసెలు తెచ్చినారా?" అంది. అందరూ నవ్వారు. మేనల్లుడు మార్కాపురంలో మల్లెపూల సెంటు డబ్బీ కొనుక్కొచ్చి డ్యాష్‌బోర్డు మీద అంటించాడు. ఆ రోజు నుంచి మల్లెపూలూ బెల్లమూ కలిసి కొట్టాయి.

తరవాత అవ్వ కాళ్ళ కింద మ్యాటు తడిసింది. ఏసీ నీళ్ళన్నారు, గోనెపట్టా పరిచారు. ముందద్దానికి లోపలివైపు మసకగా పొర పట్టింది. పాత పేపరు నలిపి తుడిస్తే పొర అటూ ఇటూ పాకింది తప్ప పోలేదు. యార్డుకు పోయొచ్చిన రోజున షావుకారికి తలనొప్పి, గొంతులో గరగర. మిర్చి ఘాటనుకున్నాడు. మిర్చి షావుకారికి గొంతు మండితే ఇంకేం గుర్తొస్తుంది? వెనక కూర్చున్న కోడలికి కడుపులో తిప్పితే నిమ్మకాయ వాసన చూడమన్నారు. రేడియేటర్లో పసుపేస్తే సన్న బీటలు పూడుకుంటాయని ఎవరో చెప్పారని గుప్పెడు పసుపూ వేశారు. ప్రతిదానికీ ఒక జవాబు దొరికింది, ఏ జవాబూ అబద్ధంలా లేదు. చిక్కంతా అక్కడే.

కార్తీక సోమవారానికి శ్రీశైలం బయల్దేరారు. ఎర్రగొండపాలెం దాటి దోర్నాల చేరేసరికి ఇంకా చీకటే. అడవి గేటు తీసేదాకా టీ తాగుతూ ఆగి, ఘాట్ ఎక్కారు. నల్లమల చలికి అవ్వ వణుకుతుంటే మేనల్లుడు, బండి కొన్న తరవాత మొదటిసారి, ఏసీ మరను నీలం గుర్తు మీంచి ఎర్ర గుర్తు మీదికి తిప్పాడు.

ముందు వెచ్చటి గాలి వచ్చింది. "హమ్మయ్య" అంది అవ్వ. ఆ వెంటనే బుస్సుమని తియ్యటి ఆవిరి లేచింది. చూస్తుండగానే ముందద్దం పాలు పోసినట్టు తెల్లబడింది. ఎదురుగా దిగుతున్న బస్సు లైట్లు రెండూ అద్దమంతా పరుచుకున్నాయి. మలుపు ఎటుందో తెలియలేదు. కంగారులో వైపర్లు వేశాడు. వైపరు తుడిచేది బయట, పొర ఉన్నది లోపల. "అద్దాలు దించరా! బండాపు!" అని అవ్వ అరిచింది. మేనల్లుడు పక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి, కొండవైపు ఓరగా తీసి, ఎలాగో ఆపాడు.

బస్సు డ్రైవరు కూడా ఆపి దిగొచ్చాడు. అప్పటికే మేనల్లుడు బానెట్ ఎత్తి రేడియేటరు మూత మీద చెయ్యేశాడు. "చెయ్యి తియ్ తమ్ముడూ! ఇప్పుడు తిప్పితే మొహం మీదికి ఎగజిమ్ముద్ది" అని డ్రైవరు వెనక్కి లాగాడు. తరవాత ఎడమ తలుపు తీసి, గోనెపట్టా ఎత్తి, మ్యాటు మీది తడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. జిడ్డుగా జారింది. టార్చి వెలుగులో వెలిసిపోయిన పచ్చరంగు కనపడింది. ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే వేళ్ళు గుడ్డకు తుడుచుకున్నాడు.

"పెద్దాయనా, ఇది ఏసీ నీళ్ళు కాదు. ఏసీ నీళ్ళకు రంగుండదు, వేళ్ళకు జారదు. డ్యాష్‌బోర్డు లోపల హీటర్ కాయిల్ కారతంది. ఇంజన్లో కాగిన నీళ్ళే అమ్మగారి కాళ్ళ దగ్గరికొస్తన్నయ్."

"హీటరు మేమెప్పుడూ వెయ్యనే లేదే!"

"మీరు వేసినా వెయ్యకపోయినా చాలా బళ్ళల్లో నీళ్ళు ఆ కాయిల్లో తిరుగుతానే ఉంటయ్. మర తిప్పితే గాలి దాని మీదుగా పోద్ది, అంతే."

రోడ్డు పక్క రాయి మీద కూర్చున్న అవ్వ కొడుకు మొహంలోకి చూసింది. "బిందె పక్కన చెంబెడు ఒలికితే ఊరంతా వినపడేట్టు అరుస్తావు. దీనికి దినామూ పోయిస్తన్నావే, పోసిందంతా యాడికి పోతందని ఒక్కనాడన్నా అడిగినావురా?"

షావుకారు మాట్లాడలేదు. తరవాత వచ్చిన శ్రీశైలం బస్సులో ఆడవాళ్ళను ఎక్కించారు. ఇంజను పూర్తిగా చల్లారాక తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోసి, అద్దాలన్నీ దించి, మేనల్లుడు మెల్లగా దోర్నాలకు దించాడు. అక్కడ మెకానిక్కు ఇంజను వెనక హీటరుకు పోయే రెండు పైపులూ ఊడదీసి, ఒకదాన్నొకటి కలిపేసి, క్లిప్పులు బిగించాడు. కాయిల్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలన్నాడు. సామాను ఖరీదు కంటే కూలి ఎక్కువవుతుందని కూడా ముందే చెప్పాడు.

నీతి

తగ్గినదాన్ని నింపడం వేరు, తగ్గడానికి కారణం వెతకడం వేరు. మూత బిగించి ఉన్న బండిలో నీళ్ళు వాటంతటవి తరిగిపోవు. రోజూ తగ్గుతున్నాయంటే ఎక్కడో కారుతున్నాయి. కింద నేల తడవకుండా పొడిగా ఉంటే మరీ అనుమానించాలి. ఆ కారేది మనం కూర్చున్న చోటనే కావచ్చు, లేదా ఇంజను లోపలే కాలిపోతుండవచ్చు.

కథలో అవ్వ ముక్కు తప్పు చెప్పలేదు. కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యటి పదార్థం. సాధారణంగా దాన్ని శుద్ధమైన నీటితో సగానికి సగం కలిపి పోస్తారు. ఇంజను వేడెక్కితే ఆ మిశ్రమం దాదాపు 90 డిగ్రీల సెల్సియస్‌లో, ఒత్తిడితో తిరుగుతుంది. హీటర్ కాయిల్ అంటే డ్యాష్‌బోర్డు వెనక దాక్కున్న బుల్లి రేడియేటరే. దాని గొట్టాలు సన్నం, గోడలు పల్చన. కూలెంటులో తుప్పు పట్టనివ్వని రసాయనాలు కూడా కలిపి ఉంటాయి. దాని బదులు లవణాలున్న బోరునీళ్ళు పోస్తే ఆ కాపు పోయి, గొట్టాల్లో సున్నంలా గార కడుతుంది, లోహాన్ని తుప్పు తినేస్తుంది. పసుపు బీటల్ని పూడ్చే మాట ఎలా ఉన్నా, ముందు సన్న గొట్టాల్లో ఇరుక్కుంటుంది. ఈ చిట్కాకు మన షెడ్లలో ఉన్న పలుకుబడి చూస్తే ముచ్చటేస్తుంది గానీ, ఒక మరమ్మతును రెండు చేసే చిట్కా అది.

అద్దం మీద పొర పేపరుకు ఎందుకు పోలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఇథిలీన్ గ్లైకాల్ 197 దగ్గర. ఆవిరితో పాటు తుంపరగా వచ్చిన మిశ్రమంలో నీరు ఆరిపోతుంది, గ్లైకాల్ జిడ్డుగా మిగిలిపోతుంది. పగలు అది మసకలా కనిపిస్తుంది. రాత్రి ఎదురుబండి లైటు పడగానే ఆ జిడ్డంతా వెలుగుతుంది. కారుతున్న హీటర్ కాయిల్ మనిషి ప్రాణం తీసే దగ్గరి దారి ఇదే, ఊపిరితిత్తుల దాకా పోనక్కర్లేదు. కాయిల్ ఒక్కసారిగా పగిలితే కాళ్ళు కాలతాయి. నీళ్ళన్నీ కారిపోతే ఇంజను వేడెక్కి నడిరోడ్డు మీద నిలిచిపోతుంది.

ఇక పీల్చే సంగతి. దీన్ని పెంచి చెప్పడం న్యాయం కాదు. ఇథిలీన్ గ్లైకాల్ సులువుగా ఆవిరయ్యేది కాదు కాబట్టి, కారులో ఆ వాసన పీల్చినంత మాత్రాన కిడ్నీలు పోతాయని బెదిరిపోనక్కర్లేదు. అయితే మూసిన కారులో ఆ తుంపర కళ్ళనూ ముక్కునూ గొంతునూ మండిస్తుంది, తలనొప్పి, వికారం తెప్పిస్తుంది. తోలేవాడికి తల తిరిగితే అదే చాలు. తడిసి ఆరని మ్యాటు కింద బూజు పుడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు, పసిపిల్లలకు ఆ బూజుగాలి పడదు. గర్భిణిని అలాంటి బండెక్కించి, వికారమేస్తే అది వేవిళ్ళని సరిపెట్టుకోవడం మన ఇళ్ళలో జరగని పని కాదు.

అసలు విషం గుణం బయటపడేది మింగినప్పుడు. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెట్టి చప్పరిస్తారు. పెద్దవాళ్ళకైనా సుమారు 100 మిల్లీలీటర్లు లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుంది. మొదట తాగినవాడిలా తూలతాడు, తరవాత తేరుకున్నట్టు కూడా కనిపించవచ్చు. ఈలోగా కాలేయం దాన్ని విషపు ఆమ్లాలుగా మారుస్తుంది, వాటిలో ఒకటైన ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఫోమెపిజోల్ అనే విరుగుడు, డయాలిసిస్ ఉన్నాయి గానీ, గంటలు గడిచేకొద్దీ వాటి వల్ల ప్రయోజనం తగ్గుతుంది. తేరుకున్నాడులే అని ఇంట్లో పడుకోబెట్టకూడదు. దీని తోబుట్టువు డైఇథిలీన్ గ్లైకాల్ 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందులో కలిసి చిన్నపిల్లల ప్రాణాలు తీసింది. కుక్కలూ పిల్లలూ నోట పెట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి, షెడ్డులో దించిన పాత కూలెంటును పళ్ళెంలో వదిలేసే మెకానిక్కు దగ్గర, మూత ఉన్న డబ్బాలో పట్టమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

కనపడే బాధ ఒకచోట, కారణం ఇంకోచోట ఉండటం పుల్లలచెరువు ఉన్న ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1937లో షార్ట్, ఆయన తోటి వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి రాశారు. మన దేశంలో ఆ జబ్బును మొట్టమొదట నమోదు చేసినవాటిలో అదొకటి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఆ నెల్లూరు నుంచి కనిగిరి, పొదిలి, దర్శి వైపు ప్రాంతాలు అందులో కలిశాయి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చి చేరాయి. నొప్పి మోకాళ్ళలో, గార పళ్ళ మీద, కారణం బావిలో. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. దాన్ని పట్టుకోవడానికి పరీక్ష కావాలి. కూలెంటు దానికంటే మర్యాద గల విషం. వాసన పంపుతుంది, మ్యాటు తడుపుతుంది, అద్దం మీద రాసి చూపిస్తుంది.

దోర్నాల మెకానిక్కు చేసినట్టు పైపులు కలిపేసి హీటరు లేకుండా తిరగొచ్చా అని అడిగేవాళ్ళుంటారు. పుల్లలచెరువు ఎండలకు హీటరు ఎవరికి కావాలి అనిపిస్తుంది, నిజమే. చాలా బళ్ళకు అది పనికొచ్చే తాత్కాలిక ఏర్పాటే. కానీ వానాకాలంలో, కార్తీకంలో ముందద్దం మీద పట్టే మామూలు మంచును త్వరగా పోగొట్టేది ఏసీతో కలిసి వచ్చే ఆ వేడిగాలే. ఘాట్ ఎక్కే బండికి అది విలాసం కాదు. కాయిల్ మార్పించేవాళ్ళు అదే చేత్తో పాత నీళ్ళన్నీ దించి లోపలంతా కడిగించి, కంపెనీ చెప్పిన రకం కూలెంటే పోయించాలి, తడిసిన మ్యాటును బయటికి తీసి ఎండబెట్టాలి, అద్దాన్ని సబ్బునీళ్ళతో ఒకటికి రెండుసార్లు కడగాలి. మార్పించకుండా అలాగే అమ్మేసేవాళ్ళు, కలిపిన పైపుల సంగతి కొనేవాడికి చెప్పి అమ్మాలి.